చెరువుకు పిల్లల్ని పెద్దలే తీసుకుపోవాలి

వేసవి సెలవులు మొదలైతే చాలు, బోధన్, నిజామాబాద్ పరిసర పల్లెల్లో ఇంటింటా ఒకే మాట వినిపిస్తుంది: "చెర్ల దిక్కు పోయినవంటే కాళ్ళిరగ్గొడ్త." పిల్లవాడు సరేనని తల ఊపుతాడు. తల్లి బీడీల చాట ముందు కూర్చోగానే, తండ్రి పొలానికి పోగానే, వాడు చెరువు దారి పడతాడు. ప్రతి వేసవిలోనూ చెరువులోనో, కాలువలోనో, మొరం గుంతలోనో పిల్లలు మునిగి మరణించిన వార్త ఏదో ఒక ఊరి నుండి వస్తూనే ఉంది. బెదిరింపు పనిచేయడం లేదనడానికి వేరే రుజువు అక్కరలేదు.

పిల్లలు నీటి దగ్గరికి ఎలాగూ పోతారు. ఒంటరిగా పోతారా, పెద్దల వెంట పోతారా అన్నదే తేల్చుకోవలసిన విషయం. కనుక వారిని చెరువుకు పెద్దలే తీసుకుపోవడం మంచిది. ఊరికే చూపించి రావడం కాదు, చేతికి గాలం కట్టె ఇచ్చి కూర్చోబెట్టాలి. పిల్లలకు అది ఆట. ఆ ఆటలోనే నీళ్ళ సంగతి కూడా తెలిసివస్తుంది.

నీళ్ళ నడుమ పల్లెలు

ఈ ప్రాంతంలో పిల్లలను నీటికి దూరంగా పెంచడం అయ్యే పని కాదు. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీటితోనే ఇక్కడ చెరకు విస్తరించింది, శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరకు తోటలు తగ్గి వరి మళ్ళు పెరిగాయి. నీళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. బోధన్‌కు బెల్లాల్ చెరువు, నిజామాబాద్‌కు చేరువలో అలీసాగర్, జానకంపేట వద్ద అశోక్‌సాగర్, కందకుర్తి వద్ద గోదావరి, మంజీరల సంగమం. ఇవి గాక ఊరూరా చెరువు, కుంట, పంట కాలువ ఉండనే ఉన్నాయి.

అయితే ఇప్పటి చెరువు తాతల నాటి చెరువు కాదు. 2015 మార్చిలో సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ ప్రారంభమైన తరువాత ఎన్నో చెరువుల పూడిక తీశారు. అది మేలైన పనే. కాని మొరం కోసం, ఇటుక బట్టీల మట్టి కోసం యంత్రాలతో ఇష్టం వచ్చినట్లు తవ్విన చోట శిఖంలో నిలువు గుంతలు మిగిలిపోయాయి. ఒడ్డు నుండి మెల్లమెల్లగా లోతయ్యే చెరువులో ఈత నేర్చిన తాతకు భయం లేదు. అదే చెరువులో మనుమడు నాలుగడుగులు వేసేసరికి కాలికింద నేల ఉండకపోవచ్చు. వానలకు నీరు నిండిన తరువాత పైకి అంతా ఒక్కలాగే కనిపిస్తుంది. గుంత ఎక్కడున్నదీ ఎండకాలంలో చెరువు చూసిన పెద్దలకే తెలుస్తుంది. వారు చెప్పకపోతే పిల్లలకు తెలిసే దారి లేదు.

కాలువ సంగతీ అంతే. నిన్న మోకాలి లోతున్న కాలువ, తూము ఎత్తిన రోజున పెద్దవాళ్ళను సైతం ఈడ్చుకుపోతుంది. సిమెంటు గట్టున పాచి పట్టి ఉంటే పైకెక్కడానికి పట్టు దొరకదు. ఇవన్నీ ఇంట్లో కూర్చుని చెబితే పిల్లల చెవికెక్కవు. గట్టు మీద నిలబెట్టి చూపించవలసినవి.

గాలం నేర్పే సంగతులు

గాలం వేయడానికి పెద్ద ఖర్చు లేదు. సన్నని వెదురు కట్టె, రెండు బారల నైలాన్ దారం, చిన్న గాలం, బెండుకు జొన్న దంటు ముక్క లేదా నెమలి ఈక కాడ ఉంటే చాలు. ఎర్రలు పెంటకుప్ప పక్కన తడి మట్టిలో దొరుకుతాయి. వాటిని తవ్వడమే పిల్లలకు సగం పండుగ.

బెండు మీద చూపు నిలిపి కూర్చోవడం మొదట్లో పిల్లలకు కష్టమే. పది నిమిషాలకోసారి లేస్తారు, రాళ్ళు విసురుతారు. విసుక్కోకుండా కూర్చోబెడితే నాలుగైదు సార్లకు కుదురు వస్తుంది. పరకలు కొరుకుతున్నప్పుడు బెండు ఎలా వణుకుతుందో, పెద్ద చేప అందుకున్నప్పుడు ఎలా ఒక్కసారిగా మునుగుతుందో వారికే తెలిసిపోతుంది. జెల్ల పడితే ఒట్టి చేత్తో పట్టరాదని, వీపు మీద, రెండు పక్కలా ఉన్న ముళ్ళు గుచ్చుకుంటే చేయి వాస్తుందని ఒకసారి చూపితే మరచిపోరు.

కొర్రమట్ట గురించి చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. అది నీళ్ళలో ఉంటూనే పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. పిల్లలు పెట్టినప్పుడు విడిచిపోదు. ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా నీటి పైన తిరుగుతుంటే, కింద తల్లిదండ్రులు కావలి కాస్తుంటాయి. అటువంటి చోట గాలం వేస్తే పెద్ద చేప సులువుగానే పడుతుంది. కాని కావలి లేని ఆ గుంపును మిగతా చేపలు, పక్షులు మిగలనివ్వవు. అక్కడ గాలం ఎత్తి పక్కకు జరిగే తండ్రిని చూసిన పిల్లవాడికి వేరే నీతిపాఠం అవసరం లేదు. తొలకరి వరదకు చేపలు మత్తడి దగ్గర ఎదురెక్కే రోజుల్లోనూ, వేలెడంత చేప పడినప్పుడూ ఇదే పద్ధతి. చిన్నదాన్ని గాలం నుండి జాగ్రత్తగా తప్పించి తిరిగి నీళ్ళలో వదలాలి.

ఇక విషం కలపడం, తోటాలు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం కిందనే నేరం. పిల్లల కళ్ళ ముందు అటువంటి పని చేసేవారు వారికి ఏమి నేర్పుతున్నారో తామే ఆలోచించుకోవాలి.

ఇది పనిలేనివారి పని అని కొందరు ఈసడిస్తారు. బీదర్ ప్రాంతంలోని కల్యాణి రాజధానిగా ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో 'మానసోల్లాసం' అనే గ్రంథం రచించాడు. అందులో రాజుల వినోదాలతో పాటు మత్స్యవినోదం కూడా ఉంది. ఏ చేపకు ఏ ఎర, గాలం ఎలా వేయాలి అన్నవి అందులో వివరించారు. రాజుకు తగిన వినోదం రైతు బిడ్డకు తగకుండా పోదు.

సంఘాన్ని అడిగే వేయాలి

ఒక్క విషయం మరువరాదు. చెరువులో చేపల మీద మత్స్య సహకార సంఘాలకు హక్కు ఉంటుంది. 2016లో మొదలైన ఉచిత చేపపిల్లల పథకం కింద చెరువుల్లో వదిలిన బొచ్చె, రవ్వ, బంగారు తీగ గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలకు జీవనాధారం. వారిని అడగకుండా గాలం వేయడం, ఇతరుల చేనులో చెరకు విరవడం రెండూ ఒకటే. సంఘం పెద్దలను అడిగి, వారు చూపిన చోట, చూపిన రోజున వేయాలి. అడిగి తీసుకోవడం కూడా పిల్లలు నేర్వవలసిన సంగతే. పైగా చెరువు లోతుపాతులు ఆ కుటుంబాలకు తెలిసినంతగా ఊళ్ళో ఇంకెవరికీ తెలియవు. వారిలో ఒక పెద్దమనిషిని బతిమాలుకుని పక్కన కూర్చోబెట్టుకుంటే పిల్లలకు అంతకు మించిన గురువు దొరకడు.

ఆడపిల్లలను ఇంట్లో వదిలి మగపిల్లలను మాత్రమే తీసుకుపోవడం తగదు. చేపల బజారులో కూర్చుని అమ్మేది ఎక్కువగా ఆడవాళ్ళే. కాలువ గట్టున బట్టలుతికేదీ వారే. నీటి భయం తెలియవలసింది వారికీ, ఈత రావలసిందీ వారికే.

ఈ జిల్లాలో గల్ఫ్‌కు పోయిన తండ్రులు వేలల్లో ఉన్నారు. రెండేళ్ళకొకసారి నెలా రెండు నెలల సెలవు మీద వచ్చే తండ్రి ఫోను, బొమ్మలు, బట్టలు తెస్తాడు. పిల్లవాడు నాలుగు రోజులు కొత్తగా చూసి తల్లి చాటుకు పోతాడు. అటువంటి తండ్రీకొడుకులు నాలుగు పొద్దుటిపూటలు ఒకే గట్టు మీద, ఒకే బెండును చూస్తూ కూర్చుంటే, మాటలు వాటంతట అవే వస్తాయి. విమానం ఎక్కిన తరువాత ఫోనులో అడుగుకోవడానికి కూడా ఒక సంగతి ఉంటుంది.

జాగ్రత్తలు తప్పనిసరి

2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారని, వారిలో దాదాపు నాలుగో వంతు అయిదేళ్ళలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. బడి ఈడు పిల్లలకు ఈత, మునిగేవారిని క్షేమంగా కాపాడే పద్ధతి నేర్పాలని ఆ సంస్థ చెబుతున్నది. ఒకరిని కాపాడబోయి మరొకరు, వారి వెంట ఇంకొకరు మునిగిన సంఘటనలు పల్లెవాసులకు కొత్త కాదు. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకరాదనీ, కేకలు వేసి పెద్దలను పిలవాలనీ, గట్టు మీద నుండే కట్టెగానీ, తాడుగానీ, తువ్వాలగానీ, మూత బిగించిన ఖాళీ డబ్బాగానీ అందించాలనీ పిల్లలకు పదేపదే చెప్పాలి.

గాలం వేసేచోట ఒక్క పెద్దమనిషికి ఇద్దరు పిల్లలకు మించి ఉండరాదు. పెద్దవారి చూపు ఫోను మీద కాక పిల్లల మీద ఉండాలి. సీసాలు వెంట తెచ్చుకునేవారు పిల్లలను తీసుకురాకపోవడమే మేలు. గాలం విసిరేటప్పుడు వెనుక ఎవరూ లేకుండా చూసుకోవాలి. గాలం గుచ్చుకుంటే బలవంతంగా లాగక ఆసుపత్రికి పోవాలి. తెగిన నైలాన్ దారాన్ని అక్కడే వదిలితే కొంగల, నీటికాకుల కాళ్ళకు చుట్టుకుంటుంది. దాన్ని ఏరుకుని రావాలి.

పంచాయతీలు తమ వంతుగా చెరువుల్లోని ప్రమాదకరమైన గుంతల దగ్గర నీరు నిండకముందే గుర్తులు పాతించవలసి ఉంది. ఉపాధ్యాయులు సెలవులిచ్చే రోజున ఒక్క గంట ఈ విషయానికి కేటాయించాలి. మత్స్య సంఘాలు చెరువులో లోతు తక్కువైన ఒక మూలను ఆదివారం పూట పిల్లల గాలాలకు విడిచిపెడితే వారికి పోయేది గుప్పెడు పరకలు మాత్రమే.

మృగశిర కార్తె నాడు చేపలకోసం తెల్లవారకముందే బజారుకు ఉరికే తండ్రులు ఈ జిల్లాలో కోకొల్లలు. ఆ ముందు ఆదివారమే పిల్లల చేయి పట్టుకుని చెరువు కట్ట ఎక్కితే, చేప పడినా పడకపోయినా వారికి ఊరి నీళ్ళ లోతు తెలుస్తుంది.