సోదరభావమా, గుంపుతనమా?

మార్కాపురం, గిద్దలూరు, కంభం పట్టణాల్లో కళాశాల దారిన నడిచేవారికి ఒక దృశ్యం తరచుగా ఎదురవుతుంది. నాయకుని పుట్టినరోజో, సినిమా విడుదలో, కులపెద్ద జయంతో, సందర్భం ఏదైనా సరే, ఫ్లెక్సీ మీద ఇరవై ముప్పై ముఖాలు వరుసదీరి ఉంటాయి. అందులో చాలామంది ఇంకా డిగ్రీ పూర్తిచేయని కుర్రవాళ్లు. ఆ వరుసలో మన పిల్లల ముఖాలూ ఉంటున్నాయి. అడిగితే ‘మా బ్యాచ్’ అంటారు. ఆ బ్యాచ్‌కు నియమావళి లేదు, ఎన్నిక లేదు, లెక్కాపత్రం లేదు. రాజకీయం మాత్రం ఉంది. ఊరేగింపుకు పెట్రోలు ఎవరు పోయించారో తెలిస్తే ఆ రాజకీయం ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది.

విద్యార్థులకు రాజకీయాలు వద్దని మేము అనడం లేదు. ఓటు వేయగల వయసు వచ్చినవారికి అభిప్రాయం ఉండడం తప్పు కాదు, ఉండకపోవడమే లోపం. ఏ విలువ కోసం ఆ మొగ్గు అన్నదే మా ప్రశ్న. దానికి జవాబు చెప్పలేని బృందం ఎంత పెద్దదైనా గుంపే అవుతుంది.

ఈ స్థితి దానంతటదే రాలేదు. 61వ రాజ్యాంగ సవరణ 1989లో అమల్లోకి వచ్చి ఓటు హక్కు వయసును 21 నుంచి 18 ఏళ్లకు తగ్గించింది. దాదాపు అదే కాలంలో మన రాష్ట్ర కళాశాలల్లో విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయాయి. దేశ ప్రధానిని నిర్ణయించే ఎన్నికలో ఓటు వేయగల పద్దెనిమిదేళ్ల యువకుడు తన కళాశాల విద్యార్థి సంఘ అధ్యక్షుణ్ణి ఎన్నుకోలేకపోయాడు. సంఘాలుగా ఏర్పడే హక్కును రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చింది. ఎన్నిక లేని చోట ఆ హక్కు కాగితానికే పరిమితమైంది.

ఎన్నికలు పెడితే తలలు పగులుతాయని పెద్దలు భయపడతారు. ఆ భయం నిరాధారమని మేము అనము. 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జార్జిరెడ్డి హత్యకు గురైన సంగతి తెలుగు నేల మరువలేదు. అయితే ఎన్నికలు పోయినంత మాత్రాన ముఠాలు పోయాయా? కులం పేరిట, కథానాయకుని పేరిట, ఎమ్మెల్యే అనుచరుని పేరిట అవి నిక్షేపంగా ఉన్నాయి. పోయింది జవాబుదారీతనం ఒక్కటే. ఎన్నికైన ప్రతినిధిని నిలదీయవచ్చు, మరుసటి ఏడు ఓడించవచ్చు. ఫ్లెక్సీ నాయకుణ్ణి ఎవరు ఓడిస్తారు? హింసకూ డబ్బుకూ కళ్లెం వేసే మార్గం లేకనూ కాదు. లింగ్డో కమిటీ సిఫారసులను సుప్రీంకోర్టు 2006లో అమలు చేయమన్నది. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటరాదని, హాజరు 75 శాతం ఉండాలని, రాజకీయ పార్టీల సొమ్ము వాడరాదని అందులో ఉంది.

ఎన్నిక లేనందువల్ల పశ్చిమ ప్రకాశం విద్యార్థి ఏమి నష్టపోయాడో చూడండి. ఇది నీటికి వాచిన ప్రాంతం. బావి నీటిలో ఫ్లోరైడు, వెలిగొండ కోసం దశాబ్దాల నిరీక్షణ ఇక్కడి ప్రతి ఇంటి కథ. పల్లె నుంచి బస్సు పట్టుకుని కళాశాలకు వచ్చే అమ్మాయికి ఆ బస్సు రాకపోతే ఆ రోజు చదువు లేనట్టే. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆలస్యమైతే సర్టిఫికెట్లు చేతికి వస్తాయో రావోనన్న బెంగ వేరు. ఈ బాధలకు మతం లేదు, కులం లేదు. వీటిని విద్యార్థులందరి తరఫున అడగవలసిన గొంతు మాత్రం బ్యాచ్‌లుగా చీలిపోయింది. పుట్టినరోజు నాడు కేకు కోయించిన నాయకుణ్ణి మర్నాడు బస్సు ఏదని అడగగల ధైర్యం ఎవరికి ఉంటుంది?

గుంపుతనం వల్ల కలిగే నష్టం ఇంతటితో ఆగదు. 2022 ఆరంభంలో కర్ణాటకలోని ఉడిపి పరిసర కళాశాలల్లో ఏం జరిగిందో దేశమంతా చూసింది. హిజాబు ధరించిన బాలికలకు ఎదురుగా కాషాయ కండువాలతో నిలిచింది తోటి విద్యార్థులే. విలువ నేర్పని గుంపును ఎవరైనా, ఎప్పుడైనా, ఎవరి మీదికైనా తిప్పవచ్చు. ఈరోజు సినిమా పేరుతో కూడిన గుంపు రేపు మతం పేరుతో కూడదన్న హామీ ఏమీ లేదు.

ఎదుటివారిని తప్పుపట్టి ఊరుకుంటే ఈ వ్యాసం అసంపూర్ణమవుతుంది. మన ఇంటి సంగతి కూడా మాట్లాడుకోవాలి. మన పిల్లలు ఒక చోట చేరినా షేక్, సయ్యద్, పఠాన్, దూదేకుల అన్న లెక్కలు చాపకింద నీరులా సాగుతూనే ఉన్నాయి. దూదేకుల సోదరులు మన సఫ్‌లో భుజం కలిపి నిలబడతారు, మన సంఘాల్లో మాత్రం వెనుక వరుసలో మిగిలిపోతారు. ఇక చదువుకుంటున్న మన ఆడపిల్లల మాట ఏ సంఘంలో వినబడుతోంది? తన తెగ వారన్న ఒక్క కారణంతో అన్యాయంలోనూ వారి పక్షాన నిలవడాన్ని దైవప్రవక్త (సఅసం) ‘అసబియ్యత్’ అని ఖండించారు. పేరు మార్చుకున్నంత మాత్రాన అసబియ్యత్ సోదరభావం అయిపోదు.

సోదరభావం ఎలా ఉంటుందో చూపిన ఒడంబడిక మన చరిత్రలోనే ఉంది. యెమెన్ నుంచి మక్కాకు వచ్చిన ఒక వర్తకుని సరుకు తీసుకుని ఖురైష్ ప్రముఖుడొకడు సొమ్ము ఎగవేశాడు. ఆ పరదేశికి మక్కాలో తెగ లేదు, అండ లేదు. అప్పుడు కొన్ని తెగల వారు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమై, బాధితుడు మక్కా వాడైనా పరాయి వాడైనా అతని హక్కు అతనికి దక్కేదాకా ఒక్కటై నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. అప్పటికి యువకుడైన ముహమ్మద్ (సఅసం) అందులో పాల్గొన్నారు. ప్రవక్త అయిన తరువాత కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళతానన్నారు. ఆ ఇంట చేరినవారు ముస్లిములు కారు, బాధితుడు వారి బంధువు కాడు. వారిని కలిపింది న్యాయం ఒక్కటే. మన సంఘాలకు గీటురాయి ఇదే కావాలి.

ఇప్పటి విశ్వవిద్యాలయాల్లోనూ దీనికి పోలిక ఉంది. ముజఫర్‌నగర్ హింసపై తీసిన డాక్యుమెంటరీ ప్రదర్శనను 2015లో ఢిల్లీలో అడ్డుకున్నప్పుడు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసన తెలిపింది. తరువాత తలెత్తిన వివాదంలో ఆ సంఘానికి చెందిన ఐదుగురిని హాస్టల్ నుంచి వెలివేశారు. వారిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు దూరమయ్యాడు. ముస్లిముల కన్నీటి కథను తెర మీద చూపే హక్కు కోసం ముస్లిమేతర విద్యార్థులు నిలిచి మూల్యం చెల్లించారు. మన ఊరి సాంఘిక సంక్షేమ హాస్టల్లో అన్నం బాగాలేదని పిల్లలు రోడ్డెక్కితే మన యువకులు ఎందరు వారి పక్కన కూర్చుంటారు? ఈ ప్రశ్న మమ్మల్ని మేము కూడా వేసుకుంటున్నాము.

కనుక ప్రభుత్వాన్ని మేము కోరేది ఒకటే. కళాశాలల్లో విద్యార్థి సంఘ ఎన్నికలను తిరిగి జరిపించాలి. ఖర్చుకు, హింసకు పట్టుగా కట్టడి పెట్టండి, కానీ జరిపించండి. సంప్రదింపులతో వ్యవహారాలు నడుపుకోవడం విశ్వాసుల లక్షణమని దివ్య ఖుర్ఆన్ చెబుతుంది. ఆ అధ్యాయం పేరే ‘షూరా’. ఎన్నిక మనకు పరాయి విషయం కాదు.

మసీదు కమిటీల పెద్దలకు ఒక మనవి. ఎన్నికల వేళ ఏదో ఒక పార్టీ నాయకుని పక్కన నిలబెట్టడానికి మాత్రమే కుర్రవాళ్లను పిలవకండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపడానికి, ఆగిన సర్టిఫికెట్టు గురించి అడగడానికి కూడా పిలవండి. అప్పుడు వారికి మీ మాట మీద గౌరవం ఉంటుంది.

విద్యార్థి మిత్రులారా, మీరు ఏ పార్టీని అభిమానిస్తారన్నది మీ ఇష్టం. సంఘంలో చేరే ముందు ఒక్క మాట అడగండి: మనవాడు కాని వాడికి అన్యాయం జరిగితే ఈ సంఘం కదులుతుందా? మనవాడే అన్యాయం చేస్తే వాణ్ణి ఆపుతుందా? అవునంటే చేరండి, సందేహించకండి. కాదంటే ఆ ఫ్లెక్సీ మీద మీ ముఖం లేకపోవడమే మీకు గౌరవం.