ఎనిమిది వందల గంటల్లో మన పిల్లల వాటా ఎంత?

విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం ఒకటి నుంచి అయిదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు చాలని చెప్పేదీ ఆ అనుబంధమే. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ. ఇద్దరూ ఒక్క నిమిషం పోనివ్వకుండా చెప్పినా మొత్తం 1600 గంటలు. అయిదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి దక్కేది 320. ఉన్నది ఒక్క టీచరే అయితే 160. వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలంలోని చిన్న ఊళ్లు, తండాల బడుల చదువును తూచాల్సింది ఈ లెక్కతోనే. తొమ్మిదింటికి తెరిచారా, నాలుగింటికి మూశారా అన్నది బడి గడియారం లెక్క. పిల్లవాడి లెక్క వేరు.

అలాంటి బడిలో నల్లబల్లకు నడుమ గీత గీసి రెండు తరగతులకు పంచుతారు. టీచరు మూడో తరగతికి అప్పు తెచ్చి తీసివేసే లెక్క చెబుతుంటే, ఒకటో తరగతి పిల్లలు పలక మీద అవే నాలుగు అక్షరాలు దిద్దుతుంటారు. తప్పు దిద్దితే చూసేవారు ఉండరు. పోనీ మిగిలిన గంటలైనా నిలుస్తాయా అంటే, ఫోనులో హాజరు, మధ్యాహ్న భోజనం వివరాలు, ఓటరు జాబితా పనులు వాటిలోంచే కోసుకుంటాయి. 2024 నవంబరులో ఇంటింటి సర్వేకు టీచర్లను పంపడంతో రాష్ట్రంలో ప్రాథమిక పాఠశాలలు మధ్యాహ్నం ఒంటిగంట దాకానే నడిచాయి. 2019లో ఆర్టీసీ సమ్మె వల్ల దసరా సెలవులను పొడిగించారు. మార్చి నడిమి నుంచి ఎలాగూ ఒంటిపూట బడులే. ఇక పత్తి తీతలు మొదలయ్యాక అమ్మ వెంట చేనుకు పోయే పిల్లల సంగతి ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. శాంతా సిన్హా సారథ్యంలో ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి ఉమ్మడి రంగారెడ్డి జిల్లాలో పిల్లల్ని పని మాన్పించి బడికి తెచ్చింది. అప్పటి పోరాటం గడప దాటించడానికి. ఇప్పటిది గడప లోపలి సమయం కోసం.

అయితే బడివేళలు పెంచేస్తే పోలా అంటారు కొందరు. దీనికి హరియాణా 2012-13లో మంచి జవాబు ఇచ్చింది. ప్రథమ్ సంస్థ కార్యక్రమంపై పరిశోధకులు జరిపిన ప్రయోగంలో అన్ని బడులకూ రోజుకో గంట పెంచారు. కొన్ని బడుల్లో మాత్రం ఆ గంటలో తరగతులను పక్కనబెట్టి, ఎవరికి ఎంత చదవడం వచ్చో చూసి పిల్లల్ని జట్లు చేసి హిందీ నేర్పారు. ఉత్త గంట పెరిగిన బడులకంటే ఈ బడుల పిల్లలు హిందీలో ముందుకెళ్లారు. అంటే గంట పెరగడం ఒక్కటే చాలలేదు, ఆ గంటలో పిల్లవాడికి అందే పాఠం ఉండాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఆలోచనా ఇలాంటిదే. కానీ ఇద్దరు టీచర్లు అయిదు తరగతులు మోస్తున్న చోట జట్లు చేసేదెవరు, జట్టు వెంట కూర్చునేదెవరు?

టీచర్లే సరిగ్గా చెప్పరన్న మాటను కొట్టిపారేయలేం. 2003లో దేశవ్యాప్తంగా చెప్పకుండా వెళ్లి చూస్తే, ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ప్రతి నలుగురు టీచర్లలో ఒకరు లేరు. కానీ నూటికి నూరు మంది వచ్చినా పై 320 గంటలు 321 కావు. హాజరు యంత్రాలు మనిషిని చూపిస్తాయి, పాఠాన్ని కాదు. చిన్న బడులను కలిపేయమనేది ఇంకో సలహా. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు జీవోతో మూడు, నాలుగు, అయిదు తరగతులను ఉన్నత పాఠశాలలకు తరలిస్తే తల్లిదండ్రులు రోడ్డెక్కారు. తండా పిల్లకు దూరం కూడా సమయమే. బహుళ తరగతి బోధన అసాధ్యమేమీ కాదు. మదనపల్లె దగ్గరి ఋషి వ్యాలీ గ్రామీణ బడుల్లో పిల్లలు మెట్లుగా అమర్చిన కార్డులతో ఎవరి వేగంలో వారు నేర్చుకునే పద్ధతిని ఏనాడో నిలబెట్టారు. దానికి సామగ్రి, శిక్షణ, ఓపిక కావాలి. మన దగ్గర అవేవీ ఇవ్వకుండా అయిదు తరగతులు మాత్రం అప్పగించారు.

కాబట్టి వికారాబాద్ జిల్లా విద్యాశాఖ చేయాల్సిన మొదటి పని, ఒక్కో తరగతికి నిజంగా ఎన్ని బోధన గంటలు అందాయో ప్రతి బడి గోడ మీదా నెలనెలా రాయించడం. ఆ అంకె 320 దగ్గర తచ్చాడే బడికి ముందుగా మూడో టీచరును ఇవ్వాలి, సర్వే డ్యూటీల నుంచి మినహాయించాలి. తల్లిదండ్రులు కూడా ఈసారి బడి కమిటీ సమావేశానికి వెళ్తే, మార్కుల కన్నా ముందు అడగండి: మా పిల్ల తరగతికి నిన్న ఎన్ని గంటలు చెప్పారు?