విజ్ఞాన వీథి: బ్రేకు కమురు వాసన

పోయిన పుష్యమాసంలో మేము హోసూరునుంచి కారులో తిరుమల వెళ్ళి, స్వామిదర్శనం చేసుకొని దిగి వస్తున్నాము. బండి నడుపుతున్నది మా బావమరిది. సగం కొండ దిగేసరికి కమురు వాసన కొట్టింది. వెనుక కూర్చున్న మా అత్తగారు, "ఏదో గుడ్డ కాలుతున్నట్లుంది, చూడు నాయనా!" అన్నారు. ఆవిడ ఊహ మరీ తప్పు కాదు. కాలుతున్నది గుడ్డ కాకపోయినా గుడ్డకు దగ్గర చుట్టమే.

బ్రేకు తొక్కినప్పుడు చక్రంలోని ఇనుప డ్రమ్మును ఒరుసుకొని ఆపే పలకను లైనింగు అంటారు. అది లోహం కాదు. పీచు కలిపి పోతపోసిన ప్లాస్టిక్కు. 1897లో ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఈ పనికి పూనుకొన్నప్పుడు నూలుపట్టీలకు తారువంటి బంక పట్టించేవాడు. నూలు వేడికి ఆగలేదు. తరువాత రాతినార వచ్చింది. దాని ధూళి ఊపిరితిత్తులలో కాన్సరు పుట్టిస్తుందని తేలి చాలా దేశాలు దానిని నిషేధించినవి. ఇప్పుడు గాజుపీచు, ఉక్కుపీచు, అరామిడ్ పీచు వాడుతున్నారు. బంక మాత్రం ఫినాలిక్ రెజిను. 1907లో బేక్‌లాండ్ కనిపెట్టిన బేకలైటు వంశమే అది.

మన పెద్దలు గోడకు మట్టి తొక్కేటప్పుడు వరిగడ్డి కలిపేవారు గదా! గడ్డి బిగి నిస్తుంది, మట్టి గడ్డిని పట్టి ఉంచుతుంది. వానకు మట్టి కరిగితే గడ్డి పైకి తేలి ఊడివస్తుంది. లైనింగులో వాన చేసే పని వేడి చేస్తుంది.

కొద్దిపాటి వేడి మొదట మేలే చేస్తుందని చెప్పాలి. అచ్చులో పూర్తిగా ముదరని రెజిను కాస్త ముదిరి గట్టిపడుతుంది. కాని 250, 300 సెంటిగ్రేడు డిగ్రీలు దాటితే రెజిను కుళ్ళి ఆవిరులు వదులుతుంది. ఆ ఆవిరులు మధ్యలో చేరి లైనింగు పట్టు సడలుతుంది. ఎంత తొక్కినా బండి ఆగదు. గాలిలోని ఆమ్లజని తగిలి పై పొర బొగ్గవుతుంది. అంతేకాక గాజుపీచుకంటె రెజిను వేడికి ఎన్నో రెట్లు ఎక్కువ సాగుతుంది. కాగి చల్లారినప్పుడల్లా పీచు, బంక కలిసేచోట సన్నని నెర్రెలు పడతాయి. ఇక బలం ఎక్కడిది? పట్టుతప్పిన పీచు రాలిపోతుంది, లైనింగు గబగబా అరిగిపోతుంది. రాలిన గాజుముక్కలు ఆకురాయిలా డ్రమ్మును కూడా గీరుతాయి.

ఇందులో మోసమేమంటే, చల్లారిన మరునాడు బ్రేకు మామూలుగానే పట్టినట్లుంటుంది. జరిగిన నష్టం లోపలే ఉండిపోతుంది. మరొకసారి కాగినప్పుడు దానిమీదనే కొత్త నష్టం చేరుతుంది.

ఎంత వేడో ఒక లెక్క చూడండి. మనుషులతో కలిపి 1500 కిలోల కారు 600 మీటర్ల ఎత్తునుంచి దిగితే, ఆ శక్తితో సుమారు 30 లీటర్ల చన్నీళ్ళు తెర్లించవచ్చును. ఇంజనూ గాలీ కొంత పంచుకొంటాయి గాని, టాప్ గేరులో దిగితే భారమంతా లైనింగులమీదే పడుతుంది. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డే ఇప్పటికీ దిగేదారి. దానికి వంపులు మెండు. మన కుటుంబాలలో ఏటా కొండకు వెళ్ళివచ్చేవారు చాలామంది కాబట్టి చెబుతున్నాను: ఎక్కేటప్పుడు ఏ గేరు కావలసివచ్చిందో, దిగేటప్పుడూ ఆ గేరే ఉంచండి. పెట్రోలు ఆదా అని ఇంజను ఆపకండి. వాసన వస్తే పక్కకు తీసి ఆగండి. కాగిన డ్రమ్ముమీద నీళ్ళు మాత్రం పోయకండి.

మా బావమరిది ఆ మాట విని అరగంట ఆగాడు. ఊరు చేరాక చక్రాలు విప్పించాము. ఎనిమిది నెలల క్రితం చవకగా వస్తున్నాయని వేయించిన లైనింగులు అద్దంలా నున్నబడి, అంచులు పెచ్చులు లేచి ఉన్నాయి. మెకానికు నోటితో దుమ్ము ఊదబోతే వారించి తడిగుడ్డ ఇచ్చాను.

ఇదంతా విన్న మా అత్తగారు, "అయితే మన కుక్కరు పిడి కూడా ఆ జాతిదేనా?" అని అడిగారు. పొట్టు కలిపిన బేకలైటు గనుక అవునన్నాను. చూస్తే మంటవైపు నెర్రెలు విచ్చి, స్క్రూ దగ్గర కదులుతున్నది. సాయంకాలమే కొత్త పిడి వేయించాము.