ప్రహరీ పదిలమే... తాళాలు ఎవరి చేతిలో?

నాంపల్లి: ఆబిడ్స్‌కు చేరువలో, ఎం.జె.రోడ్డులోని ప్రతిభా భవన్‌లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ (అప్పటి టీఎస్‌పీఎస్సీ, ఇప్పటి టీజీపీఎస్సీ) కార్యాలయం ఉంది. 2023 మార్చిలో అక్కడి ప్రశ్నపత్రాలు బయటికి పొక్కాయన్న అనుమానం రాగానే తొలుత వినిపించిన మాట 'హ్యాకింగ్'. ఎవరో బయటివారు కంప్యూటర్లలోకి చొరబడ్డారనే అంతా భావించారు. దర్యాప్తు మాత్రం లోపలివారి వైపే వేలు చూపింది. కార్యాలయ నెట్‌వర్క్ బాగోగులు చూసే పొరుగుసేవల ఉద్యోగి, కార్యదర్శి వద్ద పనిచేసే సహాయకుడు కలిసి గోప్య విభాగం కంప్యూటరు నుంచి పత్రాలను నకలు చేసుకున్నారన్నది పోలీసుల అభియోగం.

మూల్యం చెల్లించింది అభ్యర్థులు. 503 గ్రూప్-1 పోస్టుల కోసం 2022 అక్టోబరు 16న దాదాపు 2.85 లక్షల మంది రాసిన ప్రాథమిక పరీక్ష రద్దయింది. ఏఈఈ, డీఏఓ, ఏఈ పరీక్షలదీ అదే గతి. గ్రూప్-1ను 2023 జూన్ 11న మళ్లీ నిర్వహిస్తే, బయోమెట్రిక్ తీసుకోలేదన్న కారణంతో దానినీ హైకోర్టు రద్దు చేసింది. పొలం కౌలుకిచ్చి అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకున్నవారి గోడు వేరే చెప్పనక్కరలేదు.

బయటి ఇంటర్నెట్‌కు, కార్యాలయ కంప్యూటర్లకు నడుమ రాకపోకలను నడిపేది రూటరు, వడపోసేది ఫైర్‌వాల్. కొనేటప్పుడు లక్షలు వెచ్చించే అధికారులు, వాటి అడ్మిన్ పాస్‌వర్డ్ ఎందరికి తెలుసునన్నది అడగరు. ఆ పాస్‌వర్డ్ దక్కితే ఫైర్‌వాల్‌ను పగలగొట్టే పనే ఉండదు. అందుకే ఆ పరికరాల అజమాయిషీని ఇంటర్నెట్ నుంచి తెరవనీయరాదు. కేటాయించిన ఒక కంప్యూటరు నుంచే, రెండంచెల ధ్రువీకరణతో సాగాలి. ఉద్యోగికొక ఖాతా ఉండాలి. ఎవరు ఏ మార్పు చేశారన్న చిట్టా, ఆ మార్పు చేసిన వ్యక్తి చేయి పడని మరో యంత్రంలో నమోదు కావాలి. పద్దు రాసినవాడే ఆడిట్ చేస్తే తేలేదేముంది?

లోపలి గదులకూ తలుపులు అవసరమే. 2022 జనవరిలో నగరంలోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు నుంచి రూ.12 కోట్లకు పైగా తరలిపోయింది. సిబ్బందికి వచ్చిన నకిలీ ఈ-మెయిళ్లే దొంగలకు తోవ చూపాయని, సరైన ఫైర్‌వాల్ రక్షణ లేదని, ఒకచోట చొరబడితే నెట్‌వర్క్ అంతా తిరిగే వీలుందని నాటి పోలీసు కమిషనర్ సి.వి.ఆనంద్ వెల్లడించారు. రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా విధించింది.

ఇదంతా రాజధాని ముచ్చట అనుకుంటే పొరపాటు. 2017 జూలైలో దేశంలో వేలాది బీఎస్‌ఎన్‌ఎల్ మోడెంలు మాల్‌వేర్ బారిన పడి మూగబోయాయి. కంపెనీ పెట్టిన పాస్‌వర్డును వాడకందారులు మార్చకపోవడమే కారణం. మండల కార్యాలయాల్లో, సహకార సంఘాల్లో మోడెం అమర్చిన కుర్రాడు పెట్టి వెళ్లిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి కొనసాగడం కొత్తేమీ కాదు. తయారీదారు అప్‌డేట్లు ఆపేసిన పాత రూటర్లు ఇంకా ప్రమాదం. వాటిలో బయటపడే లోపానికి ఇక మందు రాదు.

సైబర్ దాడి జరిగితే 6 గంటల్లో తెలపాలని, చిట్టాలను 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశించింది. భద్రపరచడం సరే, వాటిని రోజూ చదివేదెవరో కార్యాలయాలే తేల్చుకోవాలి.