తప్పు చేతిదా, తొందరదా?

నిన్నటి షిఫ్టులో మిగిలిన ప్రింటింగ్ పేస్టు తెల్లారేసరికి విడిపోవడం మనకు కొత్త కాదు. పైన నీరు తేలుతుంది, అడుగున రంగు పేరుకుంటుంది. మిషను ఆగకూడదని సూపర్‌వైజరు తొందరపెడతాడు. స్టిర్రరును జోరుగా తిప్పితే నడుమ సుడి పడి, గాలి లోపలికి పోతుంది. చిక్కని పేస్టులో చిక్కిన బుడగ త్వరగా బయటికి రాదు. చివరికి బట్టమీద రంగు అంటని చుక్కగా తేలుతుంది.

ముందు తెడ్డుతో అడుగుముద్దను గీకి నెమ్మదిగా పైకి కలపాలి. తర్వాత స్టిర్రరు రెక్కను పూర్తిగా ముంచి, సుడి పడని వేగంతో తిప్పాలి. కాసేపు కదపకుండా ఉంచి, వడకట్టి వాడాలి. కుళ్ళు వాసన వచ్చి పల్చబడిన పేస్టును మాత్రం ఎంత కలిపినా లాభం లేదు.

దీనికంతకీ కావలసింది సమయం. అది ఇవ్వకుండా, చుక్కలు పడ్డ బట్టకు కార్మికుడి జీతం కోయడం అన్యాయం. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టమైనా, 2019 వేతనాల కోడైనా చెప్పేది ఒకటే: కార్మికుడి సంజాయిషీ వినకుండా నష్టం పేరిట కోత పెట్టరాదు.

వేగం తగ్గించగల స్టిర్రర్లు పెట్టాలనీ, పేస్టు కలిపే సమయానికీ కూలి కట్టాలనీ యాజమాన్యాలను మేము కోరుతున్నాము. సోదరులారా, కోత కాగితం చేతికిస్తే సంతకం పెట్టేముందు యూనియన్ ఆఫీసుకు రండి.