సెల్ఫ్ తప్పా, ఎర్తు తప్పా?

అనంతపురం పక్కన కక్కలపల్లి టమోటా మార్కెట్టుకు సరుకు పొద్దెక్కకముందే చేరాలి. ఆలస్యమైతే ఎండకు కాయ మెత్తబడుతుంది, బేరమూ మెత్తబడుతుంది. మొన్న వేసవిలో మా పెద్దమ్మ కొడుకు తన పాత డీజిల్ పికప్ నిండా గంపలెత్తి తాళం తిప్పాడు. "టక్" అన్నది. అంతే! చేని మట్టిలో లోడు బండిని తోసేదెవరు?

ఫోనులో మేస్త్రీ, "సెల్ఫ్ పోయిందప్పా, కొత్తది వేద్దాం" అన్నాడు. అన్న ముఖం వాడిపోయింది. వదిన మాత్రం ఊరుకోలేదు.

"లైట్లు వేసి తాళం తిప్పు, చూస్తాను" అన్నది.

లైట్లు దివ్యంగా వెలిగాయి. తాళం తిప్పగానే ఆరిపోయినంత పనైంది. బ్యాటరీ చూస్తే ఉగాదికి కొన్నదే. తాళం వదిలాక వదిన ఎర్తు వైరు తడిమింది. ఛాసిస్‌కు బిగించిన చోట వేడిగా ఉన్నది! బోల్టు విప్పితే అడుగున తుప్పు. గీకి బిగించారు. బండి లేచింది.

వానలు తక్కువైన సీమలో తుప్పెక్కడిదంటారేమో. బ్యాటరీ ఆవిరిలోని ఆమ్లానికి వానతో పనిలేదండీ. పైగా మన ఎండకు బ్యాటరీ నీళ్లూ త్వరగా ఇంకిపోతాయి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పొయ్యండి, బోరు నీళ్లు కాదు.

పెనుకొండ దగ్గర 2019 నుంచి తయారవుతున్న కొత్త కార్లలో కంప్యూటరు తన జబ్బు తానే చెప్పుకుంటుంది. పాత పికప్‌కు ఆ భాగ్యం లేదు. మనమే చెవి పెట్టాలి. "టకటకటక" అని వరసగా కొట్టుకుంటే చాలావరకు బ్యాటరీలో శక్తి చాలడం లేదు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా, బండి ఉలుకూ పలుకూ లేకుంటే, తాళం స్విచ్చి నుంచి సెల్ఫ్ మీది సోలినాయిడ్ దాకా వచ్చే సన్న వైరు వెతకండి. ఇంజను చక్కగా తిరుగుతూ అంటుకోకపోతే సెల్ఫ్‌ను తిట్టకండి పాపం, దాని పని అది చేసింది. డీజిల్ బండిలో నిప్పురవ్వ ప్లగ్గులుండవు గనుక ఆయిలు అందుతున్నదా, గాలి పట్టిందా చూడాలి. విల్లీస్ నాటి పెట్రోలు జీపు పికప్ అయితే మాత్రం డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. కాలిన పాయింట్లను సన్నటి కాగితంతో రుద్ది, సందు సుమారు అర మిల్లీమీటరు ఉంచాలి.

మీటరున్నవారికి ఒక లెక్క: నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. సెల్ఫ్ తిరిగేటప్పుడు 9.6కు దిగువకు పడితే బ్యాటరీని అనుమానించండి.

వైర్లు విప్పేటప్పుడు ఎర్తు ముందు తీసి, చివర తగిలించండి. లేకుంటే పానా బాడీకి తగిలి నిప్పులు రాలుతాయి. గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలని వేరే చెప్పాలా?

ఆ పూట టమోటాలు గంట ఆలస్యంగానే చేరాయి. ఇప్పుడు నెలకొకసారి పానా పట్టేది వదినే. అన్న పక్కన నిలబడి టార్చిలైటు చూపుతున్నాడు.