అమ్మకూచా? నాన్నకూచా?

"అమ్మకూచివా, నాన్నకూచివా?" అని పసివాళ్లను ఆటపట్టించని తెలుగు ఇల్లు అరుదు. పసివాడు నవ్వి ఊరుకుంటాడు. అదే ప్రశ్న పద్నాలుగవ యేట మరొక రూపంలో ఎదురైనప్పుడు మాత్రం నవ్వు రాదు.

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, శబరి ఒడ్డున కొంటా ఉన్నది. నదికి ఆవల ఒడిశా. దక్షిణంగా కొద్ది దూరం సాగితే ఆంధ్రప్రదేశ్. బడిలో హిందీ, అంగట్లో తెలుగు, చుట్టుపట్ల గూడేలలో కోయభాషకు దగ్గరి చుట్టమైన దోర్లీ. ఇటువంటి చోట తెలుగు తండ్రికీ, దోర్ల తల్లికీ జన్మించిన బాలుణ్ణి ఊహించుకోండి. మేనమామల గూడెంలో అతడు తెలుగువాని కొడుకు. తండ్రి బంధువుల ఇంట అడవి పిల్లవాడు. దరఖాస్తులో తెగో, కులమో వ్రాయడానికి ఉన్న గడి మాత్రం ఒక్కటే.

కౌమారంలో తలయెత్తే "నేనెవరు?" అన్న ప్రశ్నకు మనస్తత్వశాస్త్రంలో పెద్దపీట వేసిన ఎరిక్ ఎరిక్సన్ (1902–1994) ఈ బాధను స్వయంగా అనుభవించినవాడే. తల్లి డెన్మార్కుకు చెందిన యూదు మహిళ. కన్నతండ్రి ఎవరో ఆయనకు కడదాకా తెలియలేదు. జర్మనీలో, మారుతండ్రి అయిన యూదు వైద్యుని ఇంట పెరిగాడు. బంగారు వన్నె జుట్టు, నీలి కళ్లు చూసి యూదు బాలురు పరాయివాడన్నారు. బడిలో తోటివారు యూదుడని గేలిచేశారు. 1939లో అమెరికా పౌరసత్వం పొందినప్పుడు 'ఎరిక్సన్' అన్న ఇంటిపేరును తానే పెట్టుకున్నాడు.

భిన్న జాతుల తల్లిదండ్రులకు పుట్టిన పిల్లల మనోవికాసాన్ని 1990లో పోస్టన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఐదు దశలుగా వర్ణించాడు. పసితనంలో ఈ భేదం పట్టదు. పిమ్మట ఏదో ఒక పక్షాన్ని ఎంచుకోక తప్పని స్థితి వస్తుంది. ఎంచుకున్నాక, రెండవ పక్షాన్ని కాదన్నానన్న అపరాధభావం పీడిస్తుంది. క్రమంగా విడిచిన దానిపై ఆదరం కలుగుతుంది; చివరకు రెండూ తనవేనన్న నిబ్బరం ఏర్పడుతుంది. అన్నింటిలోకి కష్టమైనవి రెండవ, మూడవ దశలు. ఆ కష్టానికి మూలం పిల్లల రక్తంలో లేదు. ఒకదానినే ఎంచుకొమ్మనే లోకంలో ఉన్నది.

లోకం కొంత మారుతున్నది. 2000 సంవత్సరపు జనగణనలో అమెరికా ప్రభుత్వం తొలిసారిగా ఒకటికి మించిన జాతులను పేర్కొనే వీలు కల్పించింది. మన దేశంలో, తండ్రి గిరిజనేతరుడు, తల్లి గిరిజన స్త్రీ అయిన గుజరాత్ వ్యక్తి వ్యాజ్యంలో 2012 జనవరిలో సుప్రీంకోర్టు కీలకమైన తీర్పు చెప్పింది. బిడ్డకు తండ్రి కులమే వస్తుందన్న భావన తిరుగులేనిది కాదన్నది. ఆ బిడ్డ ఎవరి మధ్య పెరిగాడు, తల్లి తరఫువారు అనుభవించిన లేమిని, అవమానాన్ని తానూ అనుభవించాడా అన్నది విచారించాలన్నది. చదువు, కొలువు ధ్రువపత్రంపై ఆధారపడినవారికి ఇది చిన్న విషయం కాదు.

న్యాయస్థానం చేయలేనిది ఇల్లు చేయగలదు. తల్లి భాషను తండ్రి గౌరవించాలి. తండ్రి ఊరి కబుర్లు తల్లి చెప్పాలి. బంధువులు వెక్కిరించినప్పుడు పెద్దలు మౌనం వహించరాదు. సంతలో అమ్మమ్మకు దోర్లీలో బదులు పలికి, మరుక్షణం తండ్రితో తెలుగులో మాట కలిపే బాలుడు పొరబడుతున్నట్లు కాదు. ఆ రెండు భాషలూ అతనివే.